ఎవరి ప్రారబ్ధం?

మా మేనత్తకు అంగిట్లో పుండు క్యాన్సరని, అదీ నాలుగో స్టేజి అని తేలినప్పటి నుంచి పలకరించడానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "ప్రారబ్ధం. అనుభవించక తప్పుతుందా!" ఓదార్పుగానే అంటారు. పక్క గదిలో పడుకున్న అత్త అన్నీ వింటుంది. ఓ రాత్రి నన్ను పిలిచి అడిగింది: "నానెవులికేటి అన్నేయం సేసినాన్రా?"

నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న అది.

మా శ్రీకాకుళం తీరంలో ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పెదాలు బిగిస్తారు. ఈదురుగాలికి నిప్పారదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి. అత్త నెత్తిన చేపల తట్టతో ఊళ్లు తిరిగింది అలాగే. నేర్పింది వాళ్లమ్మ. ఆ వేడికీ పొగకీ అంగిలి తెల్లబడుతుంది, ఎర్ర చుక్కలు లేస్తాయి. నొప్పి ఉండదు గనక ఎవరూ చూపించుకోరు. పిండ్‌బోర్గ్ అనే దంతవైద్య శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆంధ్రలో పదివేల మందికి పైగా పల్లెవాళ్ల నోళ్లు పరీక్షించి అడ్డపొగ గురించి 1971లోనే రాశారు. అచ్చయిన ఆ సంగతి అత్త గుమ్మం దాకా రాలేదు. మరి ఇది ఎవరి కర్మ? తెలియక తాగిన మనిషిదా, తెలిసీ ఆమెకు చెప్పని మా అందరిదా?

కర్మ సిద్ధాంతాన్ని నేను కొట్టిపారెయ్యను. అది నన్ను కష్టాల్లో నిలబెట్టింది. కానీ నా బతుక్కి నేను చెప్పుకుంటే ఓర్పునిచ్చే మాట, మంచం పట్టిన మనిషికి ఇంకొకరు చెబితే నేరారోపణ అవుతుంది. పైగా పెద్దలు ప్రారబ్ధం ఒక్కటే చెప్పి ఊరుకోలేదు. ఆగామి అనీ ఒకటుందన్నారు, ఇప్పుడు చేసే పనుల వల్ల ఇకముందు పండేది. మావాళ్లకు అది గుర్తు రాలేదు.

నాలుగో స్టేజినీ అలాగే తలరాతగా చదివేశారు. ఆ అంకె గడ్డ ఎందాకా పాకిందో చెబుతుంది, ఎన్నాళ్లు బతుకుతారో కాదు. పైదవడ ఎముకలోకి దిగింది గనక నాలుగు. ఊపిరితిత్తుల్లాంటి చోట్లకు పోలేదు గనక, నయం చెయ్యాలనే ఉద్దేశంతోనే ఆపరేషన్, ఆ తర్వాత ఆరు వారాల రేడియేషన్ అన్నారు డాక్టరుగారు. గ్యారంటీ మాత్రం ఇవ్వలేదు.

అత్తకు ఏదీ దాచకుండా చెప్పాను. అంగిట్లో కొంత భాగం తీసేస్తారు, ఆ రంధ్రానికి కట్టుడు పళ్లలాంటి పలక అమరుస్తారు, అది లేకపోతే తాగిన గంజి ముక్కులోంచి వస్తుంది. తనేదో పాపం చేసినందుకు వచ్చింది కాదని కూడా చెప్పాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "కోడలూ తాగతాది, అడ్డంగానే. రేపు దాన్నీ అట్టుకెళ్లి నోరు సూపించరా."