కూలిన కోట – కూలని హక్కు

శిథిలమైన కోటను చూసి ఆనందించటం న్యాయమేనా అనే ప్రశ్న చాలామందికి వింతగా తోచవచ్చు. కోట కట్టించినవాడు లేడు, రాళ్ళు మోసినవాడు లేడు, దాని చెరలో మగ్గినవాడూ లేడు. మిగిలినవి నాలుగు మొండిగోడలు, వాటిమీద నాచు, పైన ఆకాశం. వాటిని చూసి సంతోషించటానికి యెవరి అనుమతి కావాలి? అయినా యీ ప్రశ్న వేసుకోక తప్పదు. మనిషి దేన్ని చూసి ఆనందిస్తాడన్నదే కాదు, ఆనందించటం కోసం దేన్ని చూడకుండా వదిలేస్తాడన్నది కూడా అతని అభిరుచిలో భాగమే. అభిరుచికి వర్గం లేదనేవాళ్ళు యీ రెండో సంగతిని లెక్కలోకి తీసుకోరు.

యీ విషయంలో సాధారణంగా రెండు వాదాలు వినిపిస్తాయి. కాలం అన్నిటినీ శుభ్రపరుస్తుందనీ, యెనిమిది వందల యేళ్ళనాటి క్రౌర్యాన్ని నేటి రాయికి అంటగట్టటం రసజ్ఞత కాదనీ ఒక వాదం. కోట అంటే ప్రభువుల దౌర్జన్యమనీ, దాని ముందు నిలబడి అందం గురించి మాట్లాడటం పీడితులకు ద్రోహమనీ రెండోది. యిది మన మిత్రుల్లో కొందరిది. పైకి యివి బద్ధవిరోధుల్లా కనిపిస్తాయి గాని రెండింటిలోనూ ఒకే లోపం వుంది. మొదటివాడు రాయిని చూసి చరిత్రను చూడడు. రెండోవాడు చరిత్ర పేరు చెప్పి రాయిని చూడడు. కాబట్టి గాలిలో వాదించేకన్నా ఒక నిర్దిష్టమైన కోటను ముందు పెట్టుకుని ఆలోచించటం మంచిది.

ఇంగ్లండు దక్షిణ తీరాన డార్సెట్ జిల్లాలో పర్బెక్ కొండల వరస వుంది. ఆ వరస ఒకచోట తెగింది. తెగినచోట ఒంటరిగా నిలిచిన గుట్టమీద కార్ఫ్ కోట, గుట్ట పాదాన కోట పేరే పెట్టుకున్న చిన్న గ్రామం. కార్ఫ్ అనే మాట పాత ఇంగ్లీషులో కొయ్యటం అనే ధాతువునుంచి వచ్చింది. కొండకు యివతలివాడు అవతలికి పోవాలంటే ఆ కోతలోంచే పోవాలి. కోట అక్కడే యెందుకు కట్టారో వేరే చెప్పనక్కర్లేదు. 1066లో దేశాన్ని జయించిన నార్మన్లు, తమ భాష కూడా రాని జనాన్ని అణచి వుంచటానికి దేశమంతటా కోటలు లేపారు. వాటిలో యిదొకటి. గుట్ట యెత్తు సుమారు 55 మీటర్లు. దానిమీద 12వ శతాబ్దం మొదట్లో, మొదటి హెన్రీ కాలంలో, 21 మీటర్ల రాతి సౌధం లేచింది. పొలంలో వంగి పనిచేసే రైతు యెప్పుడు తల యెత్తినా అది కనిపించేది. కోటకు ఫిరంగి రాకముందునుంచే వున్న ఆయుధం అదే.

1202లో జాన్ రాజు ఫ్రాన్సులో పట్టుకున్న వీరుల్లో 22 మందిని యిక్కడ తిండి పెట్టకుండా చంపించాడని ఆనాటి వృత్తాంతాలు చెబుతున్నాయి. 1212లో పీటర్ అనే సన్యాసి, ఫలానా పండగ లోపల రాజుకు కిరీటం పోతుందని జోస్యం చెప్పాడు. అతన్ని కార్ఫ్ కోటలో బంధించి, గడువు దాటగానే దగ్గర్లోని వేర్‌హాం పట్టణానికి యీడ్పించి, కొడుకుతో సహా ఉరితీశారు. ఆ రాజే యీ కోటలో విలాసంగా ఒక మందిరం కట్టించుకున్నాడు. ఆకలిచావులూ, అందమైన కిటికీలూ ఒకే ఆవరణలో, ఒకే యజమాని ఆజ్ఞమీద జరిగినవి. 22 మంది ఆకలిచావు కాగితానికెక్కింది. చచ్చినవాళ్ళు కులీనులు గనక యెక్కింది. ఆ కోటకు ధాన్యం తోలి తమ గాదెలు ఖాళీ చేసుకున్నవాళ్ళ ఆకలిని రాసిపెట్టాలని యే వృత్తాంతకారుడికీ తోచలేదు.

కోటను కాలం పడగొట్టలేదు. శిథిలాలను గురించి కవిత్వం చెప్పేవాళ్ళు సాధారణంగా మరిచిపోయే విషయం యిది. 1635లో యీ కోటను సర్ జాన్ బాంక్స్ అనే న్యాయవాది కొన్నాడు. ఆయన మొదటి ఛార్లెస్ రాజుకు అటార్నీ జనరల్. రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చినప్పుడు, 1643లో, పార్లమెంటు సైన్యం కోటను ముట్టడించింది. భర్త యింట లేని సమయంలో మేరీ బాంక్స్ కోటను నిలబెట్టింది. ఆమె, ఆమె కూతుళ్ళు, దాసీలు, అయిదుగురు సైనికులు కలిసి పై ఆవరణ గోడలమీదనుంచి రాళ్ళూ, మండే నిప్పులూ కుమ్మరించి శత్రువును ఆపారని రాజపక్షపు కథనం. మేరీ బాంక్స్ సాహసాన్ని కాదనవలసిన పని లేదు. కాని ఆమెకు విగ్రహం వుంది, నిప్పుల బొచ్చెలు మోసిన దాసీలకు పేరైనా లేదు. యజమానురాలిది వీరత్వమనీ, దాసీలది విధి అనీ లెక్క.

రెండో ముట్టడిలో, 1646 ఫిబ్రవరిలో, లోపలి అధికారి ఒకడు చేసిన ద్రోహంవల్ల కోట పడింది. మళ్ళీ యెవరికీ పనికిరాకుండా దాన్ని పేల్చివెయ్యాలని పార్లమెంటు నిర్ణయించింది. గోడల కింద గుంటలు తవ్వి మందుగుండు దట్టించారు. నేటికీ అక్కడ ద్వారం పక్క బురుజు ఒకటి నిట్టనిలువునా కిందికి జారి, ఆ జారినచోటే నిలబడి కనిపిస్తుంది. సౌధం గోడ సగం మిగిలి, కిటికీల కంతల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. యాత్రికులు మెచ్చుకునే ఆకారం నిజానికి రాజు కట్టించింది కాదు, విప్లవం మందుగుండుతో చెక్కింది. కోట చెక్కుచెదరకుండా వున్నంతకాలం కింద గ్రామంలోవాడికి అది బెదిరింపు. విరిగిన తరవాతనే దాన్ని భయం లేకుండా చూడటం సాధ్యమైంది. భయం లేని చూపుకే అందం కనిపిస్తుంది. కాబట్టి శిథిలం అందంగా వుందనటం ద్రోహమనే మిత్రులతో నేను యేకీభవించలేను. ఆ అందంలో ఒక ఓటమి వుంది, అది పీడకుడి ఓటమి.

పేల్చివేత తరవాత జరిగింది యింకా ముఖ్యం. గ్రామస్థులు ఆ రాళ్ళను మోసుకుపోయి యిళ్ళు కట్టుకున్నారు. నేడు కార్ఫ్ గ్రామంలో కనిపించే బూడిదరంగు యిళ్ళ గోడల్లో కోట రాళ్ళున్నాయి. దీన్ని అనాగరికమని విచారించే పురాతత్వ ప్రియులున్నారు. నాకు మాత్రం కోట రాయికి అంతకన్నా మంచి ఉపయోగం తోచదు. అసలు ఆ రాయి తొలిచినవాళ్ళు ఆ ప్రాంతపువాళ్ళే. పర్బెక్ రాయి దూరాన వెస్ట్‌మినిస్టర్ ఆబే స్తంభాల దాకా వెళ్ళింది. ఆ రాతిపనివాళ్ళ పాత సంఘం నేటికీ యేటా ఒక మంగళవారంనాడు, ఈస్టరు ముందరి ఉపవాసాలు మొదలయ్యే ముందురోజున, యీ గ్రామంలోనే సమావేశమై కొత్తవాళ్ళను చేర్చుకుంటుంది. రాజుల కోట పోయింది. దాన్ని కట్టిన చేతుల కట్టుబాటు మిగిలింది.

యింతటితో ఆపితే యిది శుభాంతమైన కథ అవుతుంది. అయితే చరిత్ర యిక్కడ ఆగలేదు. గ్రామస్థులు రాళ్ళు తీసుకున్నారు. కోటలోని విలువైన సామానులో చాలా భాగం మాత్రం ముట్టడించిన పక్షపు పెద్దమనుషుల యిళ్ళకు చేరింది. బాంక్స్ కుటుంబం జరిమానా చెల్లించి భూములు తిరిగి సంపాదించింది. రాజరికం మళ్ళీ వచ్చాక 1660ల్లో వాళ్ళు అదే జిల్లాలో కింగ్‌స్టన్ లేసీ అనే కొత్త భవనం కట్టుకున్నారు. దానికి బురుజులు లేవు, కందకం లేదు. వాటి అవసరం తీరిపోయింది. పాత కోట తాళంచెవులు ఆ భవనంలో గోడకు అలంకారంగా వేలాడుతున్నాయి. కోట లేకపోయినా తాళంచెవులు యెవరి దగ్గర వుండాలో వాళ్ళ దగ్గరే వున్నాయన్న మాట.

యిది అలంకారం కాదు. కార్ఫ్ అనే ఆ చిన్న గ్రామం 1572నుంచి 1832 దాకా పార్లమెంటుకు యిద్దరు సభ్యుల్ని పంపింది. పారిశ్రామిక నగరమైన మాంచెస్టరుకు ఒక్క సభ్యుడూ లేని రోజుల్లో యీ పల్లెకు యిద్దరు. తరతరాలుగా ఆ స్థానాలు బాంక్స్, బాండ్ అనే రెండు భూస్వామి కుటుంబాల చేతిలో వున్నాయి. కోటను పేల్చిన పార్లమెంటులోకే కోట యజమాని వారసులు దర్జాగా వెళ్ళి కూర్చున్నారు. 1832 సంస్కరణ చట్టం ఆ స్థానాలను రద్దు చేసింది. మరుసటి యేడే, 1833లో, అదే జిల్లాలోని టోల్‌పడిల్ గ్రామంలో ఆరుగురు వ్యవసాయ కూలీలు కూలి తగ్గించకుండా కాపాడుకోవటానికి సంఘం పెట్టుకున్నారు. రహస్య ప్రమాణం చేశారన్న నేరంమీద వాళ్ళకు యేడేళ్ళ ద్వీపాంతర శిక్ష వేసి ఆస్ట్రేలియాకు పంపారు. జనం ఆందోళన చేసిన మీదట గాని క్షమాభిక్ష రాలేదు. కూలీని అణచటానికి యీసారి కోట కావలసిరాలేదు, న్యాయస్థానం సరిపోయింది.

శిథిలం మనల్ని మోసం చేసేది యిక్కడే. అధికారమంటే రాయి అనీ, రాయి పడింది గనక అధికారం గతించిందనీ అది మనచేత అనిపిస్తుంది. కోటగోడ భూమిమీది హక్కుకు పైతొడుగు మాత్రమే. తొడుగు చినిగినా లోపలి హక్కు కొత్త బట్ట కట్టుకుని నడిచిపోయింది.

18వ శతాబ్దంలో ఇంగ్లీషు సంపన్నులకు శిథిలాలమీద మోజు పుట్టటానికి కారణం కూడా యిక్కడ దొరుకుతుంది. పాత కోటకు భయపడవలసిన అవసరం తీరినవాళ్ళే, శాంతిగా భూములు అనుభవిస్తున్నవాళ్ళే, తోటల్లో కృత్రిమంగా కూలిన కోటలు కూడా కట్టించుకున్నారు. విలియం గిల్పిన్ అనే మతాచార్యుడు 1770లో టింటర్న్ ఆబే శిథిలాలను చూసి, గోడ అంచులు మరీ తిన్నగా వున్నాయనీ, యెవరైనా సుత్తితో నేర్పుగా కొడితే బాగుంటుందనీ రాశాడు. ఆ శిథిలాల్లోనే గుడిసెలు వేసుకుని ముష్టెత్తుకునే పేదల్నీ ఆయన చూశాడు, వాళ్ళను గురించీ రాశాడు. కాని ఆయన సౌందర్యసూత్రంలో వాళ్ళకు చోటు లేదు. అదే రోజుల్లో డార్సెట్‌లో లార్డ్ మిల్టన్ అనే జమీందారు, తన భవనంనుంచి చూపుకు అడ్డం వస్తున్నదని మిల్టన్ అనే పట్టణాన్ని పట్టణంగా కూలగొట్టించి, కనుచూపు ఆననిచోట వరుసయిళ్ళ కొత్త పల్లె కట్టించాడు. కల్పిత శిథిలాలు కట్టించిన వర్గమే నిజమైన శిథిలాలనూ సృష్టించింది. రెండోవాటిమీద మట్టి కప్పి పచ్చిక పెంచింది.

యీ మోజు మనదాకా కూడా వచ్చింది. ఇంగ్లీషు కాల్పనిక కవిత్వాన్ని కళాశాలల్లో చదువుకున్న మన కవులు శిథిలాల ముందు కన్నీరు కార్చటం నేర్చారు. కొడాలి వెంకటసుబ్బారావు ‘హంపీ క్షేత్రము’ వంటి కావ్యాలను యిప్పటికీ పాఠం చెబుతున్నాము. పరాయి పాలనలో వున్న జాతికి ఆ కన్నీటిలో ఒక ఆత్మగౌరవం కూడా వుంది, దాన్ని తీసిపారెయ్యకూడదు. అయితే ఆ కన్నీరు సింహాసనం కోసమా, రాళ్ళెత్తినవాళ్ళ కోసమా అని విద్యార్థి అడిగితే, ఉపాధ్యాయుడు తప్పించుకోకుండా జవాబు చెప్పాలి.

తిరిగి కార్ఫ్‌కు వద్దాం. కోటకు పడమరగా పది కిలోమీటర్లలోపు టైన్‌హాం అనే మరో శిథిలం వుంది. యిది గ్రామం. 1943లో, రెండో ప్రపంచయుద్ధం మధ్యలో, సైనిక శిక్షణకోసం గ్రామాన్నీ చుట్టుపక్కల లోయనూ ఖాళీ చెయ్యమన్నారు. సుమారు 225 మంది క్రిస్మసుకు ముందే యిళ్ళు వదిలిపోయారు. ఫాసిజంమీద యుద్ధం కాబట్టి వాళ్ళు పోయారు; యుద్ధం కాగానే తిరిగి వస్తామని నమ్మి పోయారు. 1948లో ప్రభుత్వం ఆ నేలను నిర్బంధంగా కొని వుంచేసుకుంది. గ్రామస్థులు మళ్ళీ కాపురానికి రానేలేదు. వాళ్ళలో చాలామంది కౌలుదార్లు, యిళ్ళు కూడా దొరవే. ఆ దొరలు, కార్ఫ్ పార్లమెంటు స్థానాల్లో వాటా వున్న బాండ్ వంశంవాళ్ళే. తరాలుగా బతికిన నేలమీద కౌలుదారుకు చట్టం దృష్టిలో చెప్పుకోదగిన హక్కేమీ లేదు. నేటికీ అది సైన్యపు కాల్పుల మైదానమే. సైన్యం వీలిచ్చిన రోజుల్లో మాత్రం జనం వెళ్ళి, బాగుచేసి వుంచిన చర్చినీ, బడినీ, కప్పులు లేని యిళ్ళనూ చూసి వస్తారు.

యీ రెండు శిథిలాలను పక్కపక్కన పెట్టి చూస్తే మన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. కార్ఫ్‌లో పీడకుడి ఆయుధం విరిగింది. టైన్‌హాంలో పీడితుడి పొయ్యి ఆరింది. రెండింటిమీదా ఒకేరకం నాచు మొలుస్తుంది, సాయంత్రపు యెండ రెండింటిమీదా ఒకేలాగ పడుతుంది. నాచునూ యెండనూ మాత్రమే చూసే కన్నుకు రెండూ ఒకటే. ఆ చూపు అన్యాయమైనది. ఒకదాని ముందు సంతోషించటానికీ, రెండోదాని ముందు బాధపడటానికీ మనకు హక్కుంది. రెండింటి ముందూ ఒకే తియ్యని విచారం అనుభవించటానికి హక్కు లేదు.

బాంక్స్ కుటుంబపు చివరి యజమాని 1981లో చనిపోతూ కోటనూ, భవనాన్నీ, వేలాది యెకరాల భూమినీ నేషనల్ ట్రస్టు అనే సంస్థకు రాసియిచ్చాడు. రాజసౌధంలోకి యెవరైనా టిక్కెట్టు కొని నడిచిపోవచ్చు. యిది చిన్న విజయం కాదు. గోడల్ని మళ్ళీ కట్టకుండా, వున్నవి పడకుండా కాపాడటం కూడా సరైన పనే. ఆ విరుగుడే అక్కడ చూడవలసిన చరిత్ర. కాని గుట్ట దిగి గ్రామంలోకి వస్తే వేరే లెక్క మొదలవుతుంది. ఆ ప్రాంతంలో పాత రాతి యిళ్ళకు గిరాకీ పెరిగి, సెలవుల్లో మాత్రమే వచ్చిపోయే ధనికుల రెండో యిళ్ళు పెరిగి, అక్కడే పనిచేసి బతికేవాళ్ళకు యిల్లు దొరకటం కష్టమైంది. కొత్త యిళ్ళను శాశ్వత నివాసానికే పరిమితం చేసే నిబంధనలు పెట్టవలసి వచ్చింది. 1646లో కోటగోడలోంచి కూలివాడి గోడలోకి వచ్చిన రాయి మళ్ళీ కూలివాడికి అందకుండా పోతున్నది. యీసారి దాన్ని మోసుకుపోవటానికి సైన్యం రాలేదు, ధర వచ్చింది.

అందుచేత కోటను చూడటానికి తప్పకుండా వెళ్ళాలి. విద్యార్థుల్ని వెంటపెట్టుకుని వెళ్ళాలి. అందాన్ని దాచవద్దు, విరిగిన బురుజును చూసి వాళ్ళు మురిసిపోతే మందలించవద్దు. యిది యెన్ని వందల యేళ్ళనాటిదని మాత్రం అడిగి వూరుకోనివ్వవద్దు. యెవరు కట్టారు, యెవరు విరిచారు, విరిగిన రాయి యెవరింటికి చేరింది, ఆ యింటికి యిప్పుడు యెవరు అద్దె కడుతున్నారు అనే ప్రశ్నలు వరసగా అడిగించాలి. మొదటి మూడింటికి జవాబులు గుట్టమీద దొరుకుతాయి. నాలుగోదానికోసం కిందికి దిగి, వూళ్ళో వాకబు చెయ్యాలి.