వినయము ఎవరి కొఱకు?

బలము గలవానికి వినయమును, మాటనేర్పును బోధింపవలెనా? బోధింపవలసినచో నది యెవరి మేలు కొఱకు? ఈ ప్రశ్న పురాతనమైనదే యైనను, అమెరికా దేశపు కళాశాలలలో నిది నేడొక పాఠ్యవిషయముగా పరిణమించినది. ఆ దేశమున ఎన్.సి.ఎ.ఎ. యను కళాశాలా క్రీడాసంఘము 1906 లో ఏర్పడినది. దాని పోటీలలో పాల్గొను విద్యార్థుల సంఖ్య యిప్పుడు 5 లక్షలను దాటినది. 1990ల దశకము నుండి వీరికి ఆటతోపాటు ‘జీవన నైపుణ్యములు’ అను పేర మఱికొన్ని సంగతులు నేర్పుట యచ్చట వ్యాపించినది. విందుబల్లకడ కూర్చుండు తీరు, పెద్దలను పలుకరించు పద్ధతి, మెడకు టై కట్టుకొనుట, మేలు చేసినవారికి కృతజ్ఞతగా జాబు వ్రాయుట, పత్రికా విలేఖరులకు బదులు చెప్పుట, సభలో నిలిచి నాలుగు మాటలు తడబడక చెప్పుట మున్నగునవి యిందు జేరును.

ఈ సంగతి విని నవ్వువారు కలరు. పరుగెత్తువానికి పరుగు చాలునని వారి వాదము. చెంచా పట్టుట తెలిసినంతమాత్రమున మనుజుడు మంచివాడగునా యని వారు ప్రశ్నింతురు. ప్రశ్న సరియైనదే గాని, దానినుండి వారు తీసిన సిద్ధాంతము సరియైనది కాదు. ఆ క్రీడాసంఘము వారి లెక్కల ప్రకారమే, కళాశాలలో ఆడువారిలో ఆటనే వృత్తిగా జేసికొనగలవారు నూటికి ఇద్దరైనను లేరు. తక్కినవారందఱును ఇరువదిరెండు, ఇరువదిమూడేండ్ల ప్రాయముననే ఆటను విడిచి, ఉపాధ్యాయులుగనో, వర్తకులుగనో, ఉద్యోగులుగనో బ్రదుకవలసినవారు. పోటీలు సాగు కాలమున వారమునకు 20 గంటలకు మించి సాధన చేయింపరాదని నిబంధన గలదు. ప్రయాణములును, గాయములకు చికిత్సయు చేరినచో వారి కాలమింకను హరించును. తోడి విద్యార్థులు చర్చాసభలలో మాటలాడ నేర్చుకొను సాయంకాలములను వీరు మైదానమున గడపుదురు. ఇంత కాలమును వారియొద్ద తీసికొన్న విద్యాలయము దానికి బదులుగా కొంత విద్యను తిరిగి యీయవలదా? కావున నీ శిక్షణను దయగా నెంచుట తప్పు. ఇది తీర్పవలసిన ఋణము.

ఇక వినయము నేర్పిన వచ్చునా యను శంక గలదు. ‘వినయ’ శబ్దము ‘నీ’ ధాతువునుండి పుట్టినది. నడిపించుట, తీసికొనిపోవుట దాని యర్థము. తలవంచుట యను అర్థముకంటె, సాధనచేత నొకదారికి నడిపింపబడుట యను అర్థమే దానికి మూలము. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున వినయము కృతకమనియు, స్వాభావికమనియు రెండు విధములుగా విభజించెను. పుట్టుకతో వచ్చునది యొకటి, శిక్షణచే వచ్చునది వేఱొకటి యని భావము. శిక్షణ తగిన ద్రవ్యమునే తీర్చిదిద్దగలదని కూడ నాతడు హెచ్చరించెను. ఈ దృష్టితో జూచినచో క్రీడాకారునికంటె తగిన ద్రవ్యము మఱియొకటి కలదా? తనకు నష్టము కలిగించిన తీర్పునకు తలయొగ్గుట, ఓడించినవాని చేతిని పట్టుకొని అభినందించుట, ఒక్క కదలికను వేయిమార్లు చేసి చక్కదిద్దుకొనుట వానికి నిత్యకృత్యములు. గ్రీసు దేశపు వాక్పండితుడగు ఐసోక్రటీసు దేహమునకు వ్యాయామమెట్టిదో మనస్సునకు వాగ్విద్య యట్టిదని, రెండింటిని కవలవిద్యలుగా నెంచెను. ఆతని కంఠము బలహీనమైనందున నాతడు సభలలో మాటలాడజాలకపోయెను. అయినను ఇతరులకు నేర్పి ప్రసిద్ధుడయ్యెను. మాటలాడుటయు సాధనచే వచ్చు విద్యయే యని యాతని జీవితమే చెప్పుచున్నది.

ఇంతవఱకు నాకు సందేహము లేదు. సందేహమంతయు ప్రయోజనమును గూర్చినది. అమెరికాలో కళాశాలా క్రీడ గొప్ప ధనాగమమార్గము. ఆటగాడు తన పేరును, రూపమును వాడుకొని ధనమార్జించుటకు 2021 జూలై నుండి అనుమతి కలిగినది. 2025 నుండి కళాశాలలే ఆటగాండ్రకు నేరుగా ధనమిచ్చుటకును వీలు కలిగినది. ఇట్టిచోట పందొమ్మిదేండ్ల బాలుని నోటి మాటకు వెల యేర్పడును. ఆ మాట జారినచో సంస్థకు నష్టము. అందుచేత వాగ్విద్య పేర నేర్పబడునది తఱచుగా నొక జాగ్రత్తవిద్య యగుచున్నది. చిక్కు ప్రశ్న వచ్చినచో తోడివారిని పొగడుము, శిక్షకునికి కృతజ్ఞత చెప్పుము, చిఱునవ్వుతో తొలగిపొమ్ము! ఇట్లు నేర్చినవాడు చాలసేపు మాటలాడును, ఏమియు చెప్పడు. వానికి నేర్పినది అందమైన మౌనమే.

మర్యాద యొకప్పుడు సంకెల, ఒకప్పుడు కవచము. రెండును నెఱిగినవాడు ఆర్థర్ ఆష్ అను టెన్నిసు వీరుడు. ఆతడు 1943 లో వర్జీనియా రాష్ట్రపు రిచ్‌మండ్ పట్టణమున నల్లజాతివారింట జన్మించెను. తెల్లవారి మైదానములలో నాతనికి ప్రవేశము లేదు. లించ్‌బర్గ్ పట్టణమున రాబర్ట్ వాల్టర్ జాన్సన్ అను వైద్యుడు నల్లపిల్లలను తన యింటికి చేర్చి యాట నేర్పుచుండెను. గీతకు కొంచెము బయట పడిన బంతిని సైతము లోపల పడినట్లే యెంచి యాడవలెను, తీర్పును ప్రశ్నింపరాదు, కోపము చూపరాదు. ఇవి యాయన నియమములు. కోపించిన నల్లబాలుని వెడలగొట్టుటకు కాచుకొనియున్నవారికి ఆ సాకు దొరకకుండుటయే వాని యుద్దేశము. తెల్లబాలు రెవ్వరును చెల్లింపనక్కఱలేని సుంకమును ఆ పిల్లలు మర్యాద రూపమున చెల్లించిరి. అది యన్యాయము. అయినను జాన్సన్ ఆ మర్యాదను తలుపు మూసినవారి సుఖము కొఱకు నేర్పలేదు. పిల్లవాడు ఆ తలుపు దాటుట కొఱకు నేర్పెను.

ఆష్ లాస్ ఏంజిలిస్ లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చదివి, 1965 లో కళాశాలా క్రీడాకారులలో ప్రథముడయ్యెను. 1968 లో అమెరికా, 1975 లో వింబుల్డన్ బిరుదములను గెలిచెను. ఇంత నెమ్మది పనికిరాదని యాతనిని నిందించినవారు తనవారిలోనే యుండిరి. కాని యాతడు దక్షిణాఫ్రికా వర్ణవివక్షను నిరసించి 1985 లో వాషింగ్టన్‌లోని ఆ దేశపు రాయబార కార్యాలయము నెదుట నిర్బంధింపబడెను. హెయిటీ శరణార్థుల పక్షమున 1992 లో, మరణమునకు కొన్ని నెలల ముందు, అధ్యక్షభవనము నెదుట మరల నిర్బంధింపబడెను. గొంతు హెచ్చింపనివాడు మాట తగ్గింపలేదు. విల్మా రుడాల్ఫ్ సంగతియు నిట్టిదే. చదువు, నడవడి విషయమున మిక్కిలి కఠినుడగు ఎడ్ టెంపుల్ శిక్షణలో టెనెస్సీ రాష్ట్ర కళాశాలయం దామె పెరిగెను. 1960 రోము ఒలింపిక్ క్రీడలలో మూడు స్వర్ణపతకములు గెలిచి యామె స్వగ్రామమగు క్లార్క్స్‌విల్ చేరబోవుచుండగా, ఊరివారు సత్కారమునకు సిద్ధపడిరి. నల్లవారిని, తెల్లవారిని వేఱుచేసినచో తాను రానని యామె చెప్పెను. ఆ యూర నందఱును కలసి కూర్చున్న మొదటి యుత్సవ మదే యయ్యెను. ఆ మాటలో అవినయ మేమున్నది?

దీనికి ఎదురుగా నింకొక దృష్టాంతము గలదు. వ్రాయుటకే మనస్సు నొచ్చును. మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున నొక వైద్యుడు చికిత్స నెపమున క్రీడాకారిణులను అనేక సంవత్సరములు చెఱచెను. 1990ల దశకము చివరనే కొందఱు బాలికలు శిక్షకులకు చెప్పిరి, విన్నవారు లేరు. 2018 జనవరిలో న్యాయస్థానమున 156 మంది స్త్రీలు ఏడు దినములపాటు తమ గోడు వినిపించిరి. ఆ యేడే విశ్వవిద్యాలయము 50 కోట్ల డాలర్ల పరిహారమునకు ఒడంబడెను. ఆ బాలికలకు మాట రాకపోలేదు. పెద్దలకు చెవి లేకపోయినది. మాటలాడ నేర్పు విద్యాలయము వినుట కూడ నేర్వవలెను గదా! విద్యార్థి నోటిని తీర్చిదిద్ది, తన చెవిని మూసికొన్న సంస్థ చేసిన బోధ యంతయు అలంకారమే.

ఇది పరదేశపు దోషమని ముగించుటకు నాకు నోరాడదు. కొన్నియేండ్ల క్రిందట మా పాఠశాలలో బహుమతిప్రదానోత్సవము జరిగెను. కబడ్డీ జట్టు నాయకుడగు బాలుని చేత నాలుగు మాటలు చెప్పింపవలెనని సంకల్పించి, వానికి నేర్పు భారము నా కప్పగించిరి. వాడు కూలివారి బిడ్డ, సిగ్గరి. పదిదినములు శ్రమపడి ఎట్లు నిలువవలెనో, ఎచ్చట నాగవలెనో నేర్పితిని. వాడు తానే వ్రాసికొని వచ్చిన కాగితమున చివర నొక వాక్యముండెను: ఆటస్థలమున త్రాగుటకు నీరు లేదు, ఒక కుండయైన పెట్టింపవలసినదని ప్రార్థన. అతిథుల యెదుట బాగుండదని దానిని నేనే కొట్టివేసి, పెద్దలకు కృతజ్ఞతావాక్య మొకటి చేర్చితిని. “అట్లే మాస్టారూ” అని వాడు కాగితము తీసికొనెను. సభలో చక్కగా మాటలాడెను. చప్పట్లు మ్రోగినవి. అధ్యక్షులు నన్ను పిలిచి మెచ్చుకొనిరి. ఇంటికి పోవుచు జూచితిని గదా, మెడలో పతకముతో వాడు బడి కెదుటి యింటివారి వాకిట నిలిచి నీళ్లడిగి త్రాగుచుండెను. అది వారి నిత్యపు అలవాటని అప్పుడు తెలిసినది. ఆ దినమున వాడు నా మర్యాదను కాపాడెను; నేను వానికేమి నేర్పితినో నేటికిని చెప్పజాలను.

కావున ఇట్టి శిక్షణ నిచ్చువారందఱును తమ్ము తామడుగవలసిన ప్రశ్న యొకటి గలదు. మనము నేర్పిన మాటతో ఆ విద్యార్థి మనకే యిష్టములేని సత్యమును మనయెదుట చెప్పగలడా? చెప్పినచో మనము విందుమా? ఔనని చెప్పగలిగిన దినమున చెంచాలు పట్టుట నేర్పినను దోషములేదు. అది యెదుటివానిని గౌరవించు అభ్యాసములో నొక చిన్న మెట్టగును. కాదన్నచో ఎంత మధురముగ పలికించినను అది చిలుకపలుకే.

ఆ బాలుడు ఆ యేడే బడి విడిచిపోయెను. తరువాత వచ్చిన పిల్లలు తమ కాగితములను నాయొద్దకు తెచ్చుచునే యున్నారు. భాషాదోషములను దిద్దుచున్నాను. వాక్యములను కొట్టివేయుట మానుకొంటిని.