హోములో చేర్చడం పాపమా?

అమ్మను హోములో చేర్పిస్తే పాపమా అని చాలామంది అడుగుతుంటారు. డిమెన్షియా వచ్చిన మనిషిని ఇంట్లోనే చూసుకోవడమంటే మన ఇళ్లల్లో చాలాసార్లు ఆ భారం రాత్రింబవళ్లు ఒక్క కోడలి మీద వేయడమే. ఆ కోడలి దుఃఖమూ దుఃఖమే కదా!

కాబట్టి ఎక్కడ ఉంచాలన్నదాని కంటే ఎవరి చేతుల్లో పెడుతున్నామన్నది చూడండి. వినయపిటకం మహావగ్గలో, తన మలమూత్రాల్లోనే పడివున్న రోగి భిక్షువును బుద్ధుడే ఆనందుడితో కలిసి కడిగాడు. ఆ సందర్భంలోనే రోగికి సేవ చేసేవారి లక్షణాలు ఐదు చెప్పాడు: మందు సిద్ధం చేయగలగాలి, ఏది పడుతుందో ఏది పడదో తెలియాలి, ఆశతో కాక మైత్రితో చేయాలి, మలమూత్రాలకు ఏవగించుకోకూడదు, ధమ్మపు మాటతో మనసుకు ఊరటనివ్వాలి.

హోము చూడబోతే ఇవే పట్టుకెళ్లండి. ఏసీ, టీవీ మన కళ్లకోసం. రాత్రి రెండింటికి పక్క తడిస్తే లేచేదెవరు? ఒక్క ఆయమ్మకు ఎంతమందిని అప్పగించారు? లేచి తిరిగే మనిషిని కట్టేస్తారా, నిద్రమాత్ర వేస్తారా? ఆయమ్మ జీతం కూడా అడగండి. ఎత్తిపోసే పనంతా మన వాడల ఆడవాళ్లకే వదిలేసి, చాలీచాలని జీతమిచ్చే చోట మైత్రి ఎక్కణ్ణుంచి వస్తుంది?

చేర్పించాక చెప్పకుండా వెళ్లండి, అన్నం వేళకు. ముద్ద నోట్లో కుక్కుతున్నారో, ఆగి ఆగి పెడుతున్నారో అప్పుడే తెలుస్తుంది.