మూతపడని మాట



1941లో, నాజీల ఏలుబడిలో ఉన్న పోలండు దేశపు క్రాకోవ్ నగరంలో, మెచిస్వావ్ కోట్లార్చిక్ గారు ‘రాప్సోడిక్’ నాటక సమాజాన్ని స్థాపించారు. ఇళ్ళలో, రహస్యంగా, కొద్దిమంది ముందు ప్రదర్శనలు. ఆడంబరమైన వేషాలు లేవు, తెరలు లేవు. వారి బలమంతా మాటే. ఆ నటులలో ఒకరు కరోల్ వొయ్‌తీవా అనే యువకుడు. తరువాత ఆయనే పునీత రెండవ జాన్ పాల్ పాపుగారయ్యారు.

యుద్ధం ముగిసింది, కమ్యూనిస్టు పాలన వచ్చింది. నాజీల కాలంలో బ్రతికి బయటపడిన ఆ సమాజాన్ని కొత్త ప్రభుత్వం 1953లో మూయించింది. 1957లో మళ్ళీ తెరిచారు. 1967లో శాశ్వతంగా మూయించారు. ఆయుధం లేని నటులంటే అంత భయమెందుకు? ప్రజలు ఏమి పలకాలో తానే నిర్ణయించాలనుకునే పాలకునికి స్వేచ్ఛగా పలికిన మాట కంటగింపు.

కోట్లార్చిక్ గారు 1978 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ అక్టోబరులోనే వొయ్‌తీవా జగద్గురువయ్యారు. ఆ చిన్న సమాజంలో సాధన చేసిన గొంతును లోకమంతా ఆలకించింది.

పొరుగువానికి అన్యాయం జరిగినప్పుడు ‘మనకెందుకులే’ అని ఊరుకుంటాం. అప్పుడు మన నోటికి తాళం వేసిందెవరు? ఏ ప్రభుత్వమూ కాదు, మనమే. వాక్యమే మానవుడైన క్రీస్తునాథుని శిష్యులం మనం. ఈ వారం ఒక్కచోటనైనా, చెప్పవలసిన సత్యాన్ని ప్రేమతో చెబుదాం.