ఎన్ని మార్కులు చాలును?

విద్య యొక్క పరమార్థమేమి అను ప్రశ్నను మన పెద్దలు అనాదిగా విచారించుచునే యున్నారు. మలేసియా విశ్వవిద్యాలయములలో చదువుకొనుచున్న మన తెలుగు బిడ్డలు సెమిస్టరు చివర అడుగు ప్రశ్న అంతకంటె చిన్నది: "చివరి పరీక్షలో నాకు ఎన్ని మార్కులు వచ్చిన చాలును?" ప్రశ్న చిన్నదే గాని, దీనిలో ఒక ధర్మసందేహము దాగియున్నది. చాలినంత మాత్రమే చదువుట తప్పా? లెక్క చూచుకొని చదువుట విద్యను అవమానించుట యగునా?

మొదట లెక్కను చూతము. అనేక కోర్సులలో మార్కులు రెండు భాగములుగా నుండును. సెమిస్టరు నడుమ వ్రాసిన అసైన్‌మెంట్లకు, చిన్న పరీక్షలకు 40, చివరి పరీక్షకు 60 అనుకొందము. మొదటి భాగమును విద్యార్థులు 'క్యారీ మార్కులు' అందురు. ఒక విద్యార్థినికి 40కి 28 వచ్చినవి. ఉత్తీర్ణతకు మొత్తము 50 కావలెనన్నచో ఆమెకు ఇంకను 22 కావలెను. అనగా చివరి ప్రశ్నపత్రము నూరు మార్కులకున్నచో సుమారు 37 చాలును. 'ఎ' శ్రేణికి 80 కావలెనన్నచో ఇంకను 52 కావలెను. అనగా అదే పత్రములో సుమారు 87. ఈ రెండు అంకెల నడుమనున్న దూరములోనే మన సందేహమంతయు నిలిచియున్నది.

ఇట్టి లెక్కను చూచి కొందరు పెద్దలు "చదువునకు బేరమేమి?" అని కోపగింతురు. ఆ కోపము న్యాయమైనది కాదు. ఒకే సెమిస్టరులో ఐదారు విషయములుండును; పరీక్షలకు మిగిలిన దినములు పదియో పదునైదో. సాయంత్రములు దుకాణములలో పనిచేసి ఖర్చులు గడుపుకొనువారు గలరు. 1997లో ఏర్పడిన పి.టి.పి.టి.ఎన్. నుండి అప్పు తీసికొని చదువువారు గలరు. డిగ్రీలో ప్రథమ శ్రేణి సాధించినవారికి, నిబంధనలకు లోబడి, ఆ అప్పు తీర్చు భారము తప్పుటయు గలదు. కావున ఒక మార్కునకును ఒక ఇంటి ఖర్చునకును సంబంధముండవచ్చును. ఉన్న కాలములో ఏ విషయమునకు ఎంత ఇవ్వవలెనో తెలిసికొనుట వివేకము. లెక్క చూడక, కష్టమైన విషయమును విడిచి ఇష్టమైన దానినే మరల మరల చదువుట శ్రద్ధవలె కనబడును గాని, అది సోమరితనపు మారువేషమే.

మరికొందరు గీతను జ్ఞాపకము చేయుదురు. ఫలమునందు ఆసక్తి వలదు గదా, ఈ మార్కుల లెక్క యేల అందురు. ఫలమును తలచి క్రుంగవలదనుట వేరు, పని యెంత మిగిలినదో చూడవలదనుట వేరు. విత్తువాడును గింజలను కొలిచియే విత్తును. కొలత వలన కర్మ మలినపడదు. కొలిచిన పిదప మనస్సు చేయు పనిలోనే మంచిచెడ్డలుండును. అంకె మెట్టు కావచ్చును, గోడయు కావచ్చును. "37కు తగ్గరాదు" అనువానికి అది మెట్టు. "37 దాటి చదువ నక్కరలేదు" అనువానికి అది గోడ.

ఈ గోడ వలన నష్టమెవరికి? ఉత్తీర్ణతకు 50 చాలునని విద్యాలయము నిర్ణయించెనే గాని, మిగిలిన సగము తెలియకున్నను లోకమునకు హాని లేదని చెప్పలేదు. నర్సు కాబోవు విద్యార్థిని మందు మోతాదుల పాఠమును విడిచినచో, మార్కుల పట్టికలో అది మూడు మార్కుల లోటు. రోగి శరీరమునకు ఆ లెక్క తెలియదు. విద్యుత్తు పని నేర్చువాడు ఎర్తు వైరు అధ్యాయమును విడిచినచో, దాని ఫలమును ఏ ఇంటివారో అనుభవింతురు. లెక్క చూచువాడొకడు, లోటు భరించువాడింకొకడు. కనుకనే ఇది సొంత వ్యవహారము మాత్రమే కాక ధర్మప్రశ్న యైనది.

మన పూర్వీకుల రబ్బరు తోటలలో ఈ సంగతి ఎరుగనివారు లేరు. చల్లని వేళ పాలు బాగుగా దిగునని, తెల్లవారకముందే దీపము నుదుట కట్టుకొని చెట్లకడకు పోయెడివారు. తెచ్చిన పాలను కిరాణి ఎదుట తూచెడివారు. ఆ పాలలో సుమారు మూడవ వంతే రబ్బరు, మిగిలినది చాలవరకు నీరు. అందుచే మెట్రోలాక్ అను సాధనమును ముంచి, రబ్బరెంతయో చూచుట ఏర్పడినది. బాల్చీ బరువొకటి, దానిలోని సారమింకొకటి. అడుగబోవు ప్రశ్నలను ఊహించి బట్టీపట్టి తెచ్చుకొన్న 37కును, అర్థము చేసికొని తెచ్చుకొన్న 37కును బరువొకటే.

మరియొక సంగతి. ఎక్కువ పాలకై గాటును లోతుగా దింపినచో బెరడు క్రింది లేత పొర గాయపడును. అచ్చట కొత్త బెరడు సమముగా పెరుగక బుడిపెలు కట్టును. మంచి పనివాడు పలుచగా గీయును. కొన్నేండ్లకు అదే చోట మరల పాలు దొరకును. నిద్ర మాని రెండు రాత్రులలో సెమిస్టరంతయు మ్రింగుట లోతు గాటు వంటిది. మరుసటి సెమిస్టరు పాఠము ఈ పాఠము మీదనే నిలువవలసి యున్నదని అప్పుడు తోచదు.

లెక్క మౌనము వహించు సందర్భములు రెండు గలవు. క్యారీ మార్కులు 40కి 12 మాత్రమే వచ్చినవానికి 'ఎ' శ్రేణికై ఇంకను 68 కావలెను. చివరి పరీక్షయే 60కి గదా! ఇక, కోర్సు పనికి 60 మార్కులుండు విషయములో 52 తెచ్చుకొన్నవాడు, చివరి పరీక్షకు వేరుగా కనీస మార్కు లేనిచో, సున్న వచ్చినను ఉత్తీర్ణుడే. మొదటివానికి ఆశ లేదు, రెండవవానికి భయము లేదు. అప్పుడు పుస్తకము తెరచునా, మూయునా? తాను దేనికొరకు చదువుచున్నాడో విద్యార్థికి ఆ రాత్రియే తెలియును.

అట్లని ప్రతి విషయమును సంపూర్ణముగా చదివియే తీరవలెనని శాసించుట క్రూరత్వము. ఇంట తండ్రి జబ్బుపడినచో, 37తో సరిపెట్టుకొని ఆయనకు సేవ చేయుటయే ధర్మము. కాని విడిచినదానిని అప్పుగా నెంచవలెను. విడిచిన అధ్యాయముల పేర్లను ఒక కాగితముపై వ్రాసి, సెలవులలో ఒక్కొక్కటిగా తీర్చుకొనవలెను. మార్కుల లెక్కతో పాటు ఈ లెక్కయు వ్రాయువాడు నిజముగా లెక్క తెలిసినవాడు.

మన పూర్వులలో అనేకులు అక్షరము రాక, వేలిముద్ర వేసి కూలి పుచ్చుకొనిరి. పద్దు పుస్తకములో వ్రాసిన తూకము సరియో కాదో చదివి చూచుకొను శక్తి వారికి లేకుండెను. ఆ శక్తి నేడు మన బిడ్డలకు లభించినది. ఇతరుల తూకమును మాత్రమే కాక, తమ తూకమును తామే సరిచూచుకొనుటకు వారు దానిని వినియోగింతురు గాక.