నవ్వుతూ అడిగే దానం

నవంబరు నెల వచ్చిందంటే ఆస్ట్రేలియా, బ్రిటన్, కెనడా వంటి దేశాల్లో ఒక వింత కనిపిస్తుంది. ఒకటో తేదీన గడ్డం, మీసం నున్నగా గీసుకున్న మగవారు నెల పొడుగునా మీసం మాత్రమే పెంచుతారు. చూసినవారు నవ్వి, ‘ఏమిటీ వేషం?’ అని అడుగుతారు. వారికి కావలసింది ఆ ప్రశ్నే. పురుషులకు వచ్చే ప్రొస్టేట్ క్యాన్సర్, వృషణాల క్యాన్సర్, మానసిక కుంగుబాటు గురించి నాలుగు మాటలు చెప్పి విరాళం అడుగుతారు. దీని పేరు ‘మోవెంబర్’. ఆస్ట్రేలియా వాడుకలో ‘మో’ అంటే మీసం.

2003లో మెల్‌బోర్న్ నగరంలో 30 మంది సరదాగా మొదలుపెట్టిన పని ఇది. 2004లో దాన్ని ప్రొస్టేట్ క్యాన్సర్ నిధిగా మలిచారు. సుమారు 450 మంది కలిసి 54 వేల ఆస్ట్రేలియా డాలర్లు పోగుచేశారు. తర్వాత అది 20కి పైగా దేశాలకు పాకింది.

మరి రోగం, మరణం వంటి గంభీర విషయాలను ఆటగా మార్చడం సబబేనా? వేడుక కోసం ఇచ్చింది దానమవుతుందా?

ఈ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. ప్రదర్శనాబుద్ధి దానాన్ని తినేసే చెదపురుగు. మీసం ఫొటో దిగి, పదిమంది మెప్పు పొంది, రోగిని మరచిపోయినవాడు తనను తానే అలంకరించుకున్నాడు తప్ప ఎవరికీ మేలు చేయలేదు. అయితే మన ధర్మం గుప్తదానానికి పెద్దపీట వేసినా, బహిరంగ దానాన్ని నిషేధించలేదు. ఒకరిని చూసి మరొకరు మేలుకుంటారు. ఇక్కడ జరగవలసింది ఆ మేలుకొలుపే.

ఎందుకంటే ఈ రోగాలకు తోడుగా మౌనం కూడా ఉంది. ప్రొస్టేట్ క్యాన్సర్ తొలిదశలో తరచుగా ఏ లక్షణమూ కనిపించదు. వృషణాల క్యాన్సర్ ఎక్కువగా యువకులకే వస్తుంది. త్వరగా గుర్తిస్తే దాదాపు అందరికీ నయమవుతుంది. కాని చెప్పుకోవడానికి సిగ్గు! రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేచే పెద్దాయన ‘వయసు కదా’ అని సరిపెట్టుకుంటాడు. అది క్యాన్సర్ కాకపోవచ్చు, ప్రొస్టేట్ గ్రంథి మామూలుగా పెరగడమే కావచ్చు. ఆ మాట చెప్పవలసింది వైద్యుడు. మనసు బాధ కూడా అంతే. మన దేశంలో 2022లో ఆత్మహత్య చేసుకున్న ప్రతి 10 మందిలో సుమారు ఏడుగురు పురుషులే.

లజ్జ విశ్వాసికి ఆభరణం. అది మనల్ని పాపం నుంచి కాపాడాలి గాని, వైద్యుని నుంచి దాచకూడదు. వ్యాధికి చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించారు. శరీరం దేవుడు మనకు అప్పగించిన అమానతు. దాన్ని సిగ్గు పేరుతో పాడుచేసుకునే హక్కు మనకు లేదు. గంభీరంగా అడిగితే మూసుకుపోయే నోరు నవ్వుతో తెరుచుకుంటే, ఆ నవ్వు ఎగతాళి కాదు, అది ఒక తలుపు.

‘అయితే మనమూ మీసాలు పెంచాలా?’ అని ఎవరైనా అడగవచ్చు. అక్కర్లేదు. మీసం కత్తిరించి గడ్డం పెంచడం మన సున్నత్. వారి పోటీలోనేమో గడ్డానికి చోటే లేదు! వారి పద్ధతి వారిది. దాని వెనకున్న మేలు మాత్రం అందరిదీ.

ఆటకు హద్దు ఒక్కటే. ఆ నవ్వు రోగిని నొప్పించకూడదు, పోగైన సొమ్ము ప్రతి పైసా లెక్కతో అవసరానికే చేరాలి. ఆ రెండూ ఉంటే ఎలా అడిగారన్నది చిన్న విషయం.

సోదరులారా! మనకు వేషం అవసరం లేదు. ఈ రోజు ఇంటికి వెళ్ళి నాన్నగారి పక్కన కూర్చుని, ‘అబ్బా, ఒంట్లో ఎలా ఉంది?’ అని అడగండి. ‘బాగానే ఉంది’ అన్నాక కూడా లేవకుండా కాసేపు కూర్చోండి. అవసరమైతే వైద్యుని దగ్గరికి వెంట వెళ్ళండి. ఖర్చులేని దానం అది.