ఊరి జగడాలు చరిత్ర కావా?

ఊరి చరిత్ర రాయమంటే ఎవరైనా ముందు గుడి గురించి, తర్వాత బడి గురించి, ఆపైన పెద్దల గురించి రాస్తారు. జగడాలను వదిలేస్తారు. పోయినవాళ్ల తగాదాలు మనకెందుకు, మాట్లాడకపోవడమే మర్యాద అంటారు. ఆ మర్యాద ఎవరికి మేలు చేస్తుందన్నదే నా ప్రశ్న.

మన కోలారు బంగారు గనులనే తీసుకుందాం. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చిందనీ, 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చిందనీ అందరూ రాస్తారు. బెంగుళూరు వీధుల్లో 1905లో గాని విద్యుద్దీపాలు వెలగలేదని గర్వంగా చెబుతారు. నిజమే. అయితే ఆ కరెంటు తెచ్చింది గనుల యంత్రాల కోసం. కూలీలు ఉన్నది లైన్లలోని తడికల గుడిసెల్లో. మైసూరు రెసిడెంటు పేరు రాబర్ట్‌సన్‌పేటగా నిలిచింది. చిత్తూరు నుంచి, ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చి గనిలోకి దిగిన వేలమంది పేర్లు ఎక్కడ వెతకాలి?

వాళ్ల గొంతు మనకు వినిపించేది జగడంలోనే. 1930లో కూలీలందరూ వేలిముద్రలిచ్చి నమోదు కావాలన్నారు. వేలిముద్రలు తీసేది దొంగల దగ్గర గదా! వేలాదిమంది పని మానేశారు. వాళ్లు కాపాడుకోవాలనుకున్నది కూలి డబ్బులొక్కటే కాదు, మనిషి పరువు కూడా. ఈ సమ్మెను వదిలేసి గనుల చరిత్ర రాస్తే అందులో బంగారం ఉంటుంది, తవ్వినవాడు ఉండడు.

"మనం ఈ రాష్ట్రంలో అల్పసంఖ్యాకులం, పాత గాయాలు కెలకడం దేనికి?" అనేవారున్నారు. ఆ భయం ఉత్తది కాదు. తెలుగువారు, తమిళులు, కన్నడిగులు పక్కపక్కనే బతికే చోట ఒక పాత మాట కొత్త పగకు నిప్పు కావచ్చు. అందుకని నాకు తోచే హద్దు ఇది: ఎవరు ఎవరిని తిట్టారన్నది రాయనక్కరలేదు. ఎవరు ఏమి అడిగారు, ఏమి దక్కింది అన్నది మాత్రం రాసి తీరాలి. మొదటిది పగ, రెండోది లెక్క.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. సైనైడు దిబ్బలు మిగిలాయి. గాలి లేస్తే ఆ ధూళి ఇళ్లమీదికి వస్తుంది. దీనికి జవాబుదారు ఎవరని అడిగితే అదీ జగడమే. ఆ అడిగినవాళ్లను గొడవమనుషులని పక్కన పెడితే, రేపటి పిల్లలు మాత్రం ఊరంతా నోరు మూసుకుని ఉందనే అనుకుంటారు.